మీటరు 5.00 అన్నా చెవికి హమ్ ఎందుకు? ఇంట్లో కట్టిన డాక్‌కు పవర్ సప్లై పరీక్ష

ఫిలిప్స్ 1985 ప్రాంతంలో తెచ్చిన టీడీఏ1541 చిప్‌, దాని వెనకే వచ్చిన టీడీఏ1541ఏ ఇప్పటికీ ఇంట్లో డాక్ (డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్) కట్టుకునేవాళ్ల బల్లల మీద కనిపిస్తూనే ఉంటాయి. సీడీలోనో కంప్యూటర్‌లోనో ఉన్న అంకెలను పాటగా మార్చే 16 బిట్ల కన్వర్టర్ అది. తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవి పాత సీడీ ప్లేయర్లలోంచి ఊడదీసినవి, లేదా వేరే చిప్ మీద ఈ పేరు అచ్చువేసి అమ్మే నకిలీలు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్నయినా కొనుక్కోవచ్చు. ఈ చిప్ మాత్రం కాలిపోతే మరొకటి సంపాదించడం గగనమే. పైగా దానికి ఒక్క సప్లై సరిపోదు: +5, −5, −15 వోల్టులు మూడూ కావాలి. ఒక్కటి గాడి తప్పినా చిప్ పోవచ్చు. అంతకన్నా చిక్కు ఏమిటంటే, చిప్ పోకుండా పాట మాత్రం చెడవచ్చు.

సప్లైని సరిచేయడమంటే చాలామంది దృష్టిలో ప్రీసెట్ (స్క్రూతో తిప్పే చిన్న రెసిస్టర్) తిప్పి మీటరులో 5.00 తేవడమే. నిజానికి ఆ పనికి రెండు నిమిషాలు చాలు, దాని విలువా అంతే. చిప్ 5.00 దగ్గర ఎలా పనిచేస్తుందో 5.08 దగ్గరా అలాగే పనిచేస్తుంది. చూడవలసినవి వేరే ఉన్నాయి: లోడ్ పడ్డాక, అంటే చిప్ కరెంటు లాగడం మొదలుపెట్టాక, ఆ అయిదు వోల్టులు నిలుస్తున్నాయా, ఇంటి కరెంటు పడిపోయినప్పుడు నిలుస్తున్నాయా, వాటి మీద ఎంత చెత్త తేలుతోంది, వాడుకున్న కరెంటు ఏ దారిన వెనక్కి పోతోంది.

ముందు ఒక కొలబద్ద పెట్టుకుంటే తక్కిన అంకెలకు అర్థం వస్తుంది. ఈ చిప్ గరిష్ఠంగా 4 మిల్లీఆంపియర్ల కరెంటును బయటికి ఇస్తుంది. 16 బిట్లంటే 65,536 మెట్లు. కాబట్టి ఒక్కో మెట్టు సుమారు 61 నానోఆంపియర్లు. ఆ కరెంటును వోల్టేజీగా మార్చే తర్వాతి ఆప్‌ఆంప్‌లో (యాంప్లిఫయర్ చిప్‌లో) 1.5 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉంటే మొత్తం ఊపు 6 వోల్టులు. ఆర్ఎంఎస్ అనే సగటు లెక్కలో అది 2.12, అంటే సీడీ ప్లేయర్లు మామూలుగా ఇచ్చే 2 వోల్టుల ఆర్ఎంఎస్‌కు కాస్త పైన. అందులో ఒక మెట్టు 92 మైక్రోవోల్టులు. సప్లైలోని చెత్త అంతా యథాతథంగా పాటలోకి రాదు, చిప్ కొంత అడ్డుకుంటుంది. అయినా 92 మైక్రోవోల్టులు అనే అంకెను మనసులో ఉంచుకోవాలి. మిల్లీవోల్టుల్లో కనిపించే ఏ తప్పునైనా దీని పక్కన పెట్టి చూడాలి.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే మొదటి మోసం

కొట్లో 12-0-12 (రెండు 12 వోల్టుల చుట్టలు, మధ్యలో ఒక తీగ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్) అడగడం మనకు అలవాటు. ఈ చిప్ కట్టేవాళ్లలో ఎక్కువమంది బోల్తాపడేదీ అక్కడే. 12-0-12, 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి, బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్లు), కెపాసిటర్, వోల్టేజీని ఒకేచోట నిలిపే ఎల్ఎం337 రెగ్యులేటర్ పెడితే మీటరులో చక్కగా −15 కనిపిస్తుంది. 12 వోల్టుల చుట్ట ఖాళీగా ఉన్నప్పుడు 14 దాకా ఇవ్వడం మామూలే. ఏసీ తరంగం కొస ఎంతో తెలియడానికి దాన్ని 1.414తో గుణించి, డయోడ్లలో పోయే 1.4 తీసేస్తే 18.4 వోల్టులు. రెగ్యులేటర్‌కు తన పనికి 2 వోల్టుల దాకా మిగులు కావాలి. ఇక్కడ 3.4 ఉంది. అంతా బాగుంది.

మరి మే నెల సాయంత్రం ఊళ్లో ఏసీలూ మోటార్లూ ఒక్కసారిగా ఆన్ అయి, 230 ఉండాల్సిన వోల్టేజీ 190కి పడిందనుకుందాం. ఆ 14 కాస్తా 11.6 అవుతుంది. గుణించి, డయోడ్లకు పోగా మిగిలేది 15 వోల్టులు. రెగ్యులేటర్‌కు మిగులు సున్నా. అది ఇక రెగ్యులేటర్ కాదు, ఉత్త తీగ. ఇటువైపు వచ్చిన రిపుల్ (డీసీ మీద మిగిలిపోయే ఏసీ అల) అంతా అటువైపు పోతుంది. మీటరు మాత్రం 13.5 అనో 14 అనో చూపి ఊరుకుంటుంది. చెవికి బుర్రుమనే శబ్దం, అంటే హమ్, వినిపిస్తుంది. పొద్దున శుభ్రంగా పాడిన డాక్ రాత్రికి గరగరలాడిందంటే చిప్‌నో కెపాసిటర్‌నో అనుమానించే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

అందుకే −15 కోసం 18 వోల్టుల చుట్ట కావాలి. 190 దగ్గర కూడా అది సుమారు 19.6 వోల్టుల డీసీ ఇస్తుంది. +5, −5లకు 9 వోల్టుల చుట్టలు చాలు. 190 దగ్గర అవి 9 వోల్టుల పైనే ఇస్తాయి. ఇంకో కొసనూ చూడాలి. కరెంటు 250కి ఎగబాకినప్పుడు, లోడ్ తక్కువగా ఉంటే 18 వోల్టుల చుట్ట వెనక కెపాసిటర్ మీద 30 వోల్టులు దాటవచ్చు. అక్కడ 25 వోల్టుల కెపాసిటర్ పెడితే ఉబ్బుతుంది. 35 కూడా అంచు మీదే ఉన్నట్టు. 50 వోల్టులది పెట్టుకుంటే నిశ్చింత.

ల్యాబుల్లో ఉండే డిమ్మర్‌స్టాట్ దొరికితే ఈ పరీక్ష తేలిక. మెయిన్స్‌ను 190 నుంచి 250 దాకా మెల్లగా తిప్పుతూ, రెగ్యులేటర్ ముందూ వెనకా వోల్టేజీ చూస్తే చాలు. అది లేకపోతే పై లెక్కే దిక్కు. రెగ్యులేటర్ ముందు వోల్టేజీని 230 దగ్గర కొలిచి, డయోడ్ల 1.4 కలిపి, 190/230తో గుణించి, మళ్లీ 1.4 తీసేస్తే అసలు సంగతి బయటపడుతుంది.

చిప్ లేకుండా, లోడ్‌తో

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఐసీ బేస్ (చిప్‌ను గుచ్చే సాకెట్) ఖాళీగా ఉండాలి. మెయిన్స్ దారిలో సిరీస్ బల్బు ఉండాలి. రేడియో, టీవీ మెకానిక్కుల దుకాణాల్లో గోడకు ఉండే ఆ సిరీస్ బోర్డు ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లను కాపాడిందో లెక్కలేదు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కాబట్టి 25 లేదా 40 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు వాడాలి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు. కెపాసిటర్లు నిండే క్షణంలో బల్బు ఒక్కసారి మినుకుమని ఆరిపోతే సరే. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, స్విచ్ తీసేయాలి. మెయిన్స్ వైపు ఫ్యూజు, లోహపు పెట్టెకు ఎర్త్, బయటికి కనపడే ప్రతి జాయింటుకూ స్లీవ్ అనేవి ఈ దశకు ముందే ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు.

షార్టులకు అతి సామాన్యమైన కారణం రెగ్యులేటర్ కాళ్లే. ప్లస్ సప్లైకి వాడే ఎల్ఎం317లో కాళ్లు వరసగా అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. మైనస్‌కు వాడే ఎల్ఎం337లో అడ్జస్ట్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. చూడటానికి అచ్చం కవలలు. వీపున ఉండే లోహపు రేకు కూడా 317లో అవుట్‌పుట్‌కు, 337లో ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది. రెంటినీ మైకా ముక్క లేకుండా ఒకే హీట్ సింక్‌కు బిగిస్తే ప్లస్, మైనస్ నేరుగా ముద్దుపెట్టుకుంటాయి. బిగించాక మీటరు బజర్‌తో రేకుకీ హీట్ సింక్‌కీ మధ్య ఒకసారి చూడటానికి పట్టేది పది సెకన్లు.

తర్వాత డమ్మీ లోడ్, అంటే చిప్‌కు బదులు కరెంటు లాగే రెసిస్టర్లు. ఖాళీ సప్లైని కొలవడం బండి కట్టకుండా ఎద్దు బలం చెప్పడం లాంటిది. డేటాషీటు ప్రకారం ఈ చిప్ +5 నుంచి సుమారు 27, −5 నుంచి 37, −15 నుంచి 25 మిల్లీఆంపియర్లు లాగుతుంది. కాబట్టి చిప్ స్థానంలో వరసగా 180, 130, 560 ఓమ్‌ల రెసిస్టర్లు పెడితే ఇంచుమించు అదే కరెంటు పోతుంది. మొదటి రెంటికీ అర వాటు చాలు. 560 ఓమ్‌ల దాంట్లో 0.4 వాటు వేడి పుడుతుంది, అక్కడ 1 వాటుది పెట్టాలి. అసలు లోడ్ లేకుండా ఎల్ఎం317ను కొలిస్తే అది అబద్ధం చెప్పే అవకాశం కూడా ఉంది. సక్రమంగా పనిచేయడానికి దానికి కనీసం కొన్ని మిల్లీఆంపియర్లు కావాలి, కొన్ని పీసులకు 10 దాకా. అవుట్‌పుట్‌కూ అడ్జస్ట్‌కూ మధ్య రెసిస్టర్‌ను డేటాషీటు బొమ్మలోని 240కి బదులు 120 ఓమ్‌లుగా పెట్టుకుంటే 1.25 వోల్టులను 120తో భాగించి 10.4 మిల్లీఆంపియర్లు ఎప్పుడూ పారుతుంటాయి. ఆ బెడద ఉండదు.

ఎల్ఎం337తో ఇంకో సంగతి: అవుట్‌పుట్ దగ్గర కనీసం 1 మైక్రోఫారడ్ టాంటలమ్ లేదా 10 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ లేకపోతే అది తనంతట తాను ఊగిసలాడుతుంది. మీటరుకు ఆ ఊగిసలాట కనపడదు. ముట్టుకుంటే రెగ్యులేటర్ కారణం లేకుండా కాలుతూ ఉంటుంది, అంతే.

కరెంటును కొలవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. బ్రిడ్జి తర్వాత ఒకే పెద్ద కెపాసిటర్‌కు బదులు 2200 మైక్రోఫారడ్లవి రెండు పెట్టి, వాటి మధ్య 10 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తారు. ఇది అసలు రిపుల్‌ను తగ్గించడానికే: 37 మిల్లీఆంపియర్ల దగ్గర మొదటి కెపాసిటర్ మీద 0.17 వోల్టుల రిపుల్ ఉంటే రెండో దాని మీద 12 మిల్లీవోల్టులే మిగులుతుంది. కానీ అదే రెసిస్టర్ ఉచితంగా అమ్మీటర్ పని కూడా చేస్తుంది. +5 వైపు దాని రెండు కొసల మధ్య చిప్ లేనప్పుడు, డమ్మీ తీసేశాక, 0.10 వోల్టు ఉండాలి. చిప్ పెట్టాక 0.37 దరిదాపుల్లోకి రావాలి. −5 వైపు 0.47, −15 వైపు 0.35. పెట్టినా 0.10 దగ్గరే ఆగిపోతే ఆ కాలు అంటుకోనట్టు, లేదా చిప్ నకిలీ. ఒక వోల్టు దాటితే స్విచ్ తీసేసి మాట్లాడుకోవాలి. మూడు అంకెలూ డేటాషీటుతో సరిపోలితే, సంతలో కొన్న చిప్ అసలుదే అనడానికి కొంత ఆధారం దొరికినట్టే. పూర్తి రుజువు మాత్రం కాదు.

ప్రీసెట్ ఎక్కడ పెట్టాలి

ఎల్ఎం317 లోపలి రిఫరెన్స్ పేరుకు 1.25 వోల్టులైనా, పీసును బట్టి 1.20 నుంచి 1.30 దాకా ఉండవచ్చు. 120, 360 ఓమ్‌ల జత పెడితే ఒక పీసు 4.82 ఇస్తుంది, ఇంకోటి 5.22 ఇస్తుంది. కాబట్టి ప్రీసెట్ ఉంచడం తప్పేం కాదు. ప్రమాదమంతా దాన్ని పెట్టే తీరులో ఉంది.

360 స్థానంలో నేరుగా 500 ఓమ్‌ల ప్రీసెట్ పెట్టి, మధ్య కాలిని మాత్రమే గ్రౌండ్‌కు కలిపారనుకుందాం. కొన్నేళ్లకు దుమ్ము పట్టి ఆ మధ్య కాలి స్పర్శ తప్పిందంటే అడ్జస్ట్ కాలు గాలిలో తేలుతుంది, రెగ్యులేటర్ తన దగ్గరున్న వోల్టేజీ అంతా చిప్ మీద కుమ్మరిస్తుంది. మధ్య కాలిని ఒక కొసకు కలిపి ఉంచినా స్పర్శ తప్పితే 500 ఓమ్‌లు పూర్తిగా పడి 6.46 వోల్టులు వస్తాయి. దీనికి బదులు 390 ఓమ్‌ల స్థిర రెసిస్టర్ పెట్టి, దానికి సమాంతరంగా 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్, 10 కిలోఓమ్‌ల ప్రీసెట్ ఒకదాని వెనక ఒకటి కలపాలి. అప్పుడు 1.25 రిఫరెన్స్ ఉన్న పీసుకు తిప్పుడు పరిధి 4.7 నుంచి 5.2 దాకానే. పూర్తిగా ఊడిపోయినా 5.3 దగ్గరే ఆగుతుంది. −15కూ ఇదే పద్ధతి, విలువలు మారతాయి.

120 ఓమ్‌ల రెసిస్టర్‌ను రెగ్యులేటర్ అవుట్‌పుట్ కాలి మొదట్లోనే సోల్డర్ చేయాలి. రెండో రెసిస్టర్ కింది కొస మాత్రం చిప్ గ్రౌండ్ దగ్గరికి పోవాలి. 120ని తీసుకెళ్లి చిప్ దగ్గర కలిపితే, మధ్య తీగలో పడే వోల్టేజీ కూడా రిఫరెన్స్‌లో భాగమైపోయి 5 వోల్టుల సప్లైలో నాలుగింతలై, 15 వోల్టుల దాంట్లో పన్నెండింతలై కనపడుతుంది.

తిప్పే పని అరగంట ఆగి చేయాలి. రెగ్యులేటర్, రెసిస్టర్లు వేడెక్కాకగానీ వోల్టేజీ కుదురుకోదు. కొలవాల్సింది రెగ్యులేటర్ కాలి దగ్గర కాదు, ఐసీ బేస్‌లోనే: +5 కోసం 28వ పిన్ను, −5 కోసం 26, −15 కోసం 15. నల్ల ప్రోబ్ 14వ పిన్ను దగ్గరుండే డిజిటల్ గ్రౌండ్ మీద. ఇక్కడ చవక పసుపు మీటరు గురించి ఒక హెచ్చరిక. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసించినప్పుడు అది ఉన్నదాని కన్నా ఎక్కువ చూపిస్తుంది. అది చూసి ప్రీసెట్ తగ్గిస్తూ పోతే 5.00 చూపించే సప్లై నిజంగా 4.6 ఇస్తూ ఉండవచ్చు. ఏసీ రేంజిలో రిపుల్ చూద్దామనే ఆశా వద్దు. దాని కనీస ఏసీ రేంజి 200 వోల్టులు, అందులో చివరి అంకె 100 మిల్లీవోల్టులు. పైగా ప్రోబ్ ఒక దిశలో పెడితే అది డీసీని కూడా ఏసీగా చదువుతుంది.

రిపుల్ తర్వాత ఏమిటి

రెండో కెపాసిటర్ మీద మిగిలిన 12 మిల్లీవోల్టులను ఎల్ఎం317 సుమారు 65 డెసిబెళ్లు, అంటే దాదాపు 1,800వ వంతుకు, తగ్గిస్తుంది. మిగిలేది 7 మైక్రోవోల్టులు. 92 పక్కన అది లెక్కలోకి రాదు. అంటే ఇంత చేశాక రిపుల్ అసలు సమస్యే కాదు. అయినా పదివేల మైక్రోఫారడ్లు, ఇరవైవేలు అంటూ కెపాసిటర్లు పెంచుకుంటూ పోయేవాళ్లకు కొదవ లేదు. పెద్ద కెపాసిటర్ డబ్బా చూస్తే కలిగే తృప్తి అలాంటిది.

ఇప్పుడు మిగిలింది రెగ్యులేటర్ సొంత గోల. డేటాషీటు దాన్ని అవుట్‌పుట్‌లో 0.003 శాతం అంటుంది. 5 వోల్టులకు 150 మైక్రోవోల్టులు, 15 వోల్టులకు 450. ఇవి మన కొలబద్దను దాటిపోయాయి. మందు మాత్రం రెండు రూపాయల వస్తువే: అడ్జస్ట్ కాలి నుంచి గ్రౌండ్‌కు ఒక ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. అసలు గోల 1.25 వోల్టుల రిఫరెన్స్‌దే, సుమారు 37 మైక్రోవోల్టులు. రెసిస్టర్ల నిష్పత్తి దాన్ని 5 వోల్టుల దగ్గర నాలుగింతలు, 15 దగ్గర పన్నెండింతలు చేస్తోంది. కెపాసిటర్ ఆ హెచ్చింపును ఆపేస్తుంది, కనీసం కొన్ని వందల హెర్ట్‌జ్ పైన. రిపుల్ అడ్డుకట్ట కూడా 65 నుంచి 80 డెసిబెళ్లకు పెరుగుతుంది. దీంతోపాటు రెండు 1ఎన్4002 డయోడ్లు వేయాలి. స్విచ్ తీసినప్పుడు ఆ కెపాసిటర్లలోని చార్జి రెగ్యులేటర్ లోపలినుంచి పోకుండా పక్కదారి చూపించడానికి.

ఎల్‌టీ3042, ఎల్‌టీ3045 లాంటి నేటి రెగ్యులేటర్ల గోల 0.8 మైక్రోవోల్టు మాత్రమే. అవి పెడితే అంకె నిజంగానే తగ్గుతుంది. కానీ గ్రౌండ్ తీగ తప్పుగా ఉన్న డాక్‌లో వాటికి పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరు. ఆ సంగతి లెక్కలోనే చూడొచ్చు.

బ్రిడ్జి నుంచి కెపాసిటర్‌లోకి కరెంటు ఏకధారగా పారదు. తరంగం కొస దగ్గర మాత్రమే, సెకనుకు 100 సార్లు, చిన్న చిన్న గుక్కలుగా దూకుతుంది. మిగతా సర్క్యూటుకూ కలిపి సగటు 100 మిల్లీఆంపియర్లుంటే ఆ గుక్క 600 దాకా పోవడం వింతేం కాదు. 20 సెంటీమీటర్ల సన్నని హుకప్ తీగ నిరోధం 0.017 ఓమ్‌లు అనుకుంటే, ఆ గుక్కకు తీగ రెండు కొసల మధ్య 10 మిల్లీవోల్టులు పుడతాయి. మన మెట్టు 92 మైక్రోవోల్టులు! నూటికి పైగా మెట్లు ఒక్క తీగ ముక్కలో. అవుట్‌పుట్ సాకెట్ గ్రౌండ్‌ను ఆ తీగ మీద పొరపాటున కలిపితే పాటకు 55 డెసిబెళ్లు కింద హమ్ కూర్చుంటుంది. హెడ్‌ఫోన్‌లో స్పష్టంగా వినిపిస్తుంది. ఏ ఖరీదైన రెగ్యులేటర్ కూడా దాన్ని తాకలేదు, ఎందుకంటే ఆ హమ్ రెగ్యులేటర్ గుండా రావడం లేదు.

కాబట్టి బ్రిడ్జి మైనస్, ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగ ముందు కెపాసిటర్ కాలి దాకా వచ్చి ఆగాలి. సర్క్యూటుకు పోయే గ్రౌండ్ ఆ కాలి నుంచి వేరే తీగగా బయల్దేరాలి. చిప్‌లో అనలాగ్ గ్రౌండ్ 5వ పిన్ను, డిజిటల్ గ్రౌండ్ 14వ పిన్ను. ఆ రెండూ చిప్ కిందే కలవాలి, సప్లై పెట్టెలో కాదు. ప్రతి సప్లై పిన్ను పక్కనే 100 నానోఫారడ్ల కెపాసిటర్ ఉండాలి. ఈ చిప్ చుట్టూ వరసగా ఉండే 14 కెపాసిటర్లను చూసి అవే ఇవి అనుకునేవాళ్లున్నారు. అవి బిట్ల కరెంట్లను సమం చేసే లోపలి విభాగానికి చెందినవి, సప్లైతో వాటికి పని లేదు.

చెవి, కంప్యూటర్

ఆసిలోస్కోప్ లేనివాళ్లకు కంప్యూటర్ సౌండ్ కార్డే ఆసరా. 1 మైక్రోఫారడ్ ఫిలిం కెపాసిటర్, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ వరసగా పెట్టి, సౌండ్ కార్డ్ వైపు రెండు 1ఎన్4148 డయోడ్లను ఎదురెదురుగా గ్రౌండ్‌కు వేస్తే డీసీ లోపలికి పోదు, తాకించిన క్షణంలో వచ్చే దెబ్బ కూడా తగలదు. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాసేపు రికార్డు చేసి స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్‌జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపే బొమ్మ) గీయించి చూడాలి. ముందు డాక్ ఆపి ఒకసారి, తర్వాత పెట్టి ఒకసారి. లేకపోతే సౌండ్ కార్డ్ సొంత గోలను సప్లై నెత్తిన రుద్దినట్టవుతుంది.

బొమ్మలో శిఖరం 100 హెర్ట్‌జ్ దగ్గర, దాని వెనక 200, 300 దగ్గర ఉంటే అది బ్రిడ్జి నుంచి వచ్చింది: మిగులు చాలని రెగ్యులేటరో, తప్పు దారిలో పోయిన గ్రౌండో. చెవికి ఇది కందిరీగలా గరుకుగా ఉంటుంది. శిఖరం 50 దగ్గర ఉంటే కథ వేరు. బ్రిడ్జిలో ఒక డయోడ్ ఊడి సగం తరంగమే వస్తూ ఉండవచ్చు. కాకపోతే ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం ఆప్‌ఆంప్ దగ్గరి తీగల్లోకి దూరుతోంది. స్విచ్ తీసి ట్రాన్స్‌ఫార్మర్ బిగింపు వదులు చేసి, కాస్త తిప్పి, పది సెంటీమీటర్లు దూరం జరిపి మళ్లీ కొలిస్తే శిఖరం మారుతుందా లేదా అన్నదాన్ని బట్టి తేలిపోతుంది. ఈ రెండూ కాకపోతే, లాప్‌టాప్ చార్జర్ ఊడదీయాలి. చార్జర్ ఎర్త్, డాక్ ఎర్త్ కలిసి ఒక ఉచ్చుగా మారినప్పుడు ఈ 50 కొలతలో మాత్రమే పుడుతుంది. చార్జర్ తీయగానే మాయమైతే సప్లై నిర్దోషి.

అన్నీ కుదిరాక డాక్‌ను మూతపెట్టి మూడు నాలుగు గంటలు నడిపి, మళ్లీ మూత తీసి మూడు వోల్టేజీలూ చూడాలి. మరీ వేసవిలో అయితే గది 40 డిగ్రీలుంటుంది. హీట్ సింక్ లేని రెగ్యులేటర్ 0.8 వాటు వేడి వదిలితే దానికి ఇంకో 40 కలుస్తుంది. రెంటచింతలలో ఉన్నవాళ్లు ఇంకా నాలుగు కలుపుకోవచ్చు. వేడికి అంకె 20, 30 మిల్లీవోల్టులు కదిలితే కంగారు పడనక్కర్లేదు, ప్రీసెట్‌ను మళ్లీ ముట్టుకోనూ అక్కర్లేదు. దాని స్క్రూ మీద ఒక చుక్క గోళ్ల రంగు వేసి ఆరనివ్వడమే మిగిలింది.